ఇమ్మెన్స్: కొలతకి అందని మాట

ఈ రోజు మన మాట 'ఇమ్మెన్స్'. చాలామంది దీన్ని 'పెద్దది' అని బట్టీపట్టి వదిలేస్తారు. కొంచెం లోపలికెళ్లి చూద్దాం.

ఇది లాటిన్ నుంచి వచ్చింది. 'మెన్సస్' అంటే కొలిచినది. దాని ముందు 'ఇమ్' చేరితే, కొలవలేనిది. మన 'అమితం' కూడా అచ్చం ఇలాగే తయారైంది. మితం అంటే కొలత ఉన్నది, ముందు 'అ' పెడితే కొలత లేనిది. అంటే 'ఇమ్మెన్స్ లవ్' అమితమైన ప్రేమ అన్నమాట. ఇంక మర్చిపోరు కదా!

ఇప్పుడు మన వైజాగ్‌కి వద్దాం. ఇక్కడ అన్నీ కొలతలే. పోర్టులో ఓడ ఆగిందంటే సరుకు ఎన్ని టన్నులు అని లెక్క. స్టీల్ ప్లాంట్ కెపాసిటీ ఏడాదికి 73 లక్షల టన్నులు. అంత పెద్దది కాబట్టి 'యాన్ ఇమ్మెన్స్ ప్లాంట్' అనొచ్చు, తప్పులేదు.

కానీ మూడు జాగ్రత్తలు.

ఒకటి: 'ఇమ్మెన్స్ షిప్స్' అంటే చాలా పెద్ద ఓడలు. లెక్కలేనన్ని ఓడలు అనాలంటే 'కౌంట్‌లెస్ షిప్స్' అనండి.

రెండు: 'వెరీ ఇమ్మెన్స్' అనకండి. అమితం అన్నాక మళ్లీ 'చాలా' ఎందుకు?

మూడు: ఇంటర్వ్యూలో 'ఐ హ్యావ్ ఇమ్మెన్స్ ఎక్స్‌పీరియన్స్' అంటే, 'ఎన్నేళ్లు?' అని అడుగుతారు. కొలవగలిగితే నంబరే చెప్పండి. 'టూ ఇయర్స్' అంటే నమ్ముతారు.

మరి ఈ మాట అసలు ఎక్కడ కావాలి? 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆ 32ని 'చాలామంది' అనేయకూడదు, నంబర్ చెప్పాలి. నంబర్ మర్చిపోతే మనుషుల్ని మర్చిపోయినట్టే. కానీ వాళ్ల ఇళ్లలో మిగిలిన లోటుని ఏ కాటా మీద తూస్తాం? అందుకే ఇలా చెప్పండి: 'థర్టీ టూ పీపుల్ డైడ్. ద లాస్ వాజ్ ఇమ్మెన్స్.' ముందు లెక్క, ఆ తర్వాత లెక్కకి అందనిది.

చివరగా 'ఇమ్మెన్స్‌లీ', అంటే అమితంగా. మీ ఫీజు కోసం ఎవరు అప్పు చేశారో, ఎవరు ఓవర్‌టైమ్ చేశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ అప్పు ఎంతో చెప్పొచ్చు, వాళ్ల కష్టం ఎంతో చెప్పలేం. వాళ్లకి ఈ రోజే మెసేజ్ పెట్టండి: 'ఐ యామ్ ఇమ్మెన్స్‌లీ గ్రేట్‌ఫుల్ టు యూ.' ఇంగ్లీష్ రాని అమ్మానాన్నలైతే తెలుగులోనే చెప్పండి, మాట అదే కదా!

రేపు ఇంకో మాటతో కలుద్దాం. బై!