ఓటు నిండుగా వేశాం, షరతు పెట్టలేదు

(సంజామలలో జరిగిన ప్రత్యేక రాయలసీమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సీమ జనానికి చైతన్యం లేదని, ఓటు విలువ తెలీదని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1991 నంద్యాల పార్లమెంటు ఉప ఎన్నిక గుర్తు చేసుకోండి. గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన సీటులో ప్రధాని పి.వి. నరసింహారావు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు అభ్యర్థినే పెట్టలేదు. అప్పట్లో కోయిలకుంట్ల నియోజకవర్గంలో ఉన్న మన సంజామల కూడా ఓటేసింది. మెజారిటీ 5 లక్షల 80 వేలు దాటింది.

అంత మెజారిటీ ఇచ్చి ఏమడిగాం? మన స్టేషన్ మీదుగా పోయే నంద్యాల-ఎర్రగుంట్ల లైను 1996-97లో మంజూరైంది. నంద్యాల దాకా రైలు నడిచింది 2016లో. ఆ ఎన్నిక నాడు పుట్టిన బిడ్డ పాతికేళ్లొచ్చాక ఆ రైలెక్కింది! పి.వి. గారు 1996లో మళ్లీ ఇక్కడ గెలిచి, ఒడిశాలోని బరంపురం సీటు ఉంచుకొని మనల్ని వదిలేశారు.

ఇక 2017 నంద్యాల అసెంబ్లీ ఉప ఎన్నిక. 2014లో భూమా నాగిరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్, శిల్పా మోహన్ రెడ్డి తెలుగుదేశం. 2017 వచ్చేసరికి భూమా కుటుంబం తెలుగుదేశంలో, శిల్పా వైఎస్సార్ కాంగ్రెస్‌లో. కండువాలు అటువి ఇటు, ఇటువి అటు. జనం మాత్రం దాదాపు 80 శాతం బూతులకు కదిలారు. భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్లతో గెలిచారు. దీంట్లో పార్టీ విధేయత ఎక్కడుంది? ఉన్నది ఇంటి విధేయత. నేను ఎగతాళి చెయ్యడం లేదు. ఆపదొస్తే మనం తొక్కేది ఆ గడపలే కదా. కానీ అంతకు ఏడాది ముందే, 2016 మే 31న, సిద్ధేశ్వరం అలుగుకు రైతులే శంకుస్థాపన చేసుకున్నారు. ఆ అలుగును ఓటుకు షరతుగా మనం పెట్టలేదు.

తెలంగాణలోనూ ఒక్కసారికే కాలేదు. 2008లో టీఆర్ఎస్ 16 అసెంబ్లీ సీట్లకు రాజీనామా చేసి 7 మాత్రమే నిలబెట్టుకుంది. నవ్వినవాళ్లు నవ్వారు. 2010 జూలైలో 12 సీట్లకు ఉప ఎన్నికలొస్తే 11 టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి పోయాయి. అంటే ఆ జనం పార్టీని చూడలేదు, రాష్ట్రం కోసం ఎవరు రాజీనామా చేశారో చూసి ఓటేశారు.

మనకు రాజీనామా చేసే ఎమ్మెల్యే దొరకడం కష్టమే. (నవ్వులు) కాబట్టి అడగడం మన వీధిలోనే మొదలుకావాలి. రేపు ఓటరు స్లిప్పు తెచ్చేది మన మామ కొడుకో, చిన్నాయన కొడుకో. వాణ్ణి కూచోబెట్టి, మజ్జిగిచ్చి అడగండి. మీ నాయకుడు సిద్ధేశ్వరం గురించి ఏమంటాడు? రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకిచ్చిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక గురించి ఏమంటాడు? ప్రత్యేక రాష్ట్రానికి ఔనంటాడా, కాదంటాడా? కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పోస్టల్ బ్యాలెట్ వేసే ఉద్యోగులు కూడా ఆ కాగితం చూశాకే కవరు అంటించండి.

ఈ ప్రశ్నలు మన విద్యార్థులు రాసి పెట్టారు. సభ అయ్యాక ఇంటికొకటి తీసుకుపోండి.