రుద్రమ కవచం మన ఇంట్లోనే

(సాయంత్రం చదువు కేంద్రంలో చెప్పిన మాటలు)



బడిలో వార్షికోత్సవం వస్తుంది. మీ అమ్మాయి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి, "అమ్మా! నేను రుద్రమదేవి వేషం వేస్తా" అంటుంది. మీకూ సంతోషమే. కానీ రుద్రమదేవికి కవచం కావాలి. పట్నంలో డ్రెస్సుల కొట్లో అద్దెకిస్తారు. దానికి డబ్బు కట్టాలి. తెచ్చాక చూస్తే అది పెద్ద మగవాళ్ళ కొలత. పిల్ల ఒంటి మీద గోనెసంచిలా వేలాడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "నీకు రాజు వేషం ఎందుకులే, చెలికత్తె వేషం వెయ్యి."

కవచం లేదని పిల్ల వేషం పోకూడదు. కవచం మనమే చేసుకోవచ్చు. ఎలాగో ఈ రోజు చెప్పుకుందాం.

రుద్రమదేవి కట్టుకథ కాదు. నిజంగా ఓరుగల్లును ఏలింది. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని ఉంటుంది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. ఆమె చనిపోయిన సంగతి అందులో రాశారు. అటువంటి ఆమె వేషానికి కవచం సరిగ్గా ఉండాలి కదా!

నిజం కవచం ఇనుముతో చేస్తారు. యూరప్ సైనికులు తల నుంచి కాలి దాకా తొడిగిన ఇనుప కవచం 15 నుంచి 25 కిలోలు ఉండేది. పిల్ల అంత బరువు మోయలేదు. మనం కాగితంతో చేద్దాం.

కాగితమా అని నవ్వకండి. జిగురుతో పొరలు పొరలుగా అతికిస్తే కాగితం అట్టకన్నా గట్టిగా తయారవుతుంది. ఈ జిగురు మనకు కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మాస్కులు చేస్తారు. విజయవాడ దగ్గర కొండపల్లిలో బొమ్మల ముక్కలు అతకడానికి కూడా అదే ముద్ద వాడతారు.

మొదటి పని: కొలత

టేపు లేకపోతే దారం చాలు. దారంతో కొలిచి స్కేలు మీద పెట్టి చూడండి. మూడు కొలతలు కావాలి. ఒకటి, ఈ భుజం నుంచి ఆ భుజానికి. రెండు, మెడ కింద నుంచి నడుము దాకా. మూడు, ముందువైపు ఈ చంక నుంచి ఆ చంకకు. ప్రతి కొలతకూ ఒక అంగుళం కలపండి. లోపల చొక్కా ఉంటుంది. పిల్ల ఊపిరి పీల్చుకోవాలి, మాటలు గట్టిగా చెప్పాలి.

ఆ కొలతలు పుస్తకంలో రాయండి. "భుజాలు 13 అంగుళాలు. ఒకటి కలిపితే 14." మనం మర్చిపోయినా కాగితం మర్చిపోదు.

రెండో పని: మట్టి బొమ్మ

చెరువు బంకమట్టి తెండి. రాళ్ళు ఏరేసి, నీళ్ళు చల్లి, చపాతీ పిండిలా పిసకండి. పలక మీద పాత గోనెసంచులు చుట్టి మెత్తలా పెట్టండి. దాని మీద మట్టి మెత్తి, పిల్ల ఛాతీ ఆకారం తీసుకురండి. రాసుకున్న కొలతలతో సరిచూడండి. తడిగుడ్డతో నున్నగా తుడవండి. తర్వాత తాడు ఒత్తితే తాడు గుర్తు పడుతుంది. గాజు ఒత్తితే చక్రం వస్తుంది. చింతగింజలు గుచ్చితే మేకుల్లా కనిపిస్తాయి.

వీపు ముక్క వేరే చెయ్యాలి. ముందు ముక్క అయ్యాక అదే మట్టిని చదును చేసి వాడుకోవచ్చు.

మూడో పని: అచ్చు

ఒక్క కవచమే కావాలంటే అచ్చు అక్కర్లేదు. మట్టి మీదే కాగితం అతికించవచ్చు. కానీ భుజాలకు రెండు ముక్కలు ఒకే తీరున ఉండాలి. సైనికులకు ఐదు డాళ్ళు కావాలి. ఇలాంటి వాటికి అచ్చు కావాలి. బొమ్మ మీద ఉబ్బు ఉన్నచోట అచ్చులో గుంట పడుతుంది. ఆ గుంటలోంచి ఎన్ని ముక్కలైనా తీయొచ్చు.

ఇడ్లీ పాత్ర గుర్తు తెచ్చుకోండి. గుంట పైన వెడల్పు, అడుగున ఇరుకు. అందుకే ఇడ్లీ ఊడి వస్తుంది. అదే మూతి ఇరుకైన కుండలో పిండి ఉడికిస్తే ముద్ద బయటికి రాదు. మట్టి బొమ్మ అంచులు కూడా లోపలికి తిరగకూడదు. కవచాన్ని ముందు, వెనక రెండు ముక్కలుగా చేసేది అందుకే.

అచ్చుకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడి వాడతారు. గిన్నెలో ముందు నీళ్ళు పొయ్యండి. ఆ నీళ్ళలో పొడి చల్లండి. పొడి నీళ్ళపైకి తేలేదాకా చల్లి, కర్రతో కలపండి. మట్టి బొమ్మ మీద అంగుళం మందాన పొయ్యండి. అది గట్టిపడి, వేడెక్కి, చల్లారుతుంది. అప్పుడు తిరగేసి మట్టి తీసెయ్యండి. బాగా ఆరనిచ్చి, లోపల నూనె రాయండి.

ఒక జాగ్రత్త చెప్తాను. ఇది ముఖ్యం. ఈ పొడి జిప్సం రాయిని కాల్చి చేసింది. నీళ్ళు తగిలితే మళ్ళీ రాయి అవుతుంది. అలా అయ్యేటప్పుడు వేడి పుడుతుంది. మందంగా ఉంటే ఒళ్ళు కాలేంత వేడి! 2007లో ఇంగ్లండులో ఒక బడిలో 16 ఏళ్ళ అమ్మాయి తన చేతుల అచ్చు కోసం ఈ ముద్దలో చేతులు పెట్టింది. అది గట్టిపడింది, చేతులు బయటికి రాలేదు. ఆ వేడికి ఆమె వేళ్ళు చాలావరకు తీసెయ్యాల్సి వచ్చింది. కాబట్టి పిల్ల ఒంటి మీద, ముఖం మీద అచ్చు పొయ్యకండి. మట్టి మీదే పొయ్యండి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మిగిలింది కాలవలో పారబొయ్యకండి, అక్కడే గట్టిపడి పూడిపోతుంది.

నాలుగో పని: కాగితం అతికించడం

చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి చెయ్యండి. నీళ్ళలో కలిపి జావలా కాచండి. జిగురు తయారవుతుంది. పాత పేపర్లను కత్తిరించకండి, చేత్తో చింపండి. చింపిన అంచు పలచగా ఉంటుంది, అతుకు కనబడదు.

మొదటి పొరకు ఉత్త నీళ్ళతో తడిపిన కాగితం వెయ్యండి. అలా వేస్తే తర్వాత సులువుగా ఊడుతుంది. రెండో పొర నుంచి జిగురు రాయండి. ఒక పొర తెలుగు పేపరు, ఒక పొర గోధుమరంగు కాగితం వేస్తూ పోతే ఎక్కడ ఖాళీ ఉందో ఇట్టే తెలుస్తుంది. మూడు పొరలకొకసారి నీడన ఆరబెట్టండి. మొత్తం ఎనిమిది పొరలు వెయ్యండి. చివరికి పాత నూలు చీర ముక్కలు అతికిస్తే బలం వస్తుంది. తడి ఉంటే బూజు పడుతుంది. తొందరపడకండి.

ఐదో పని: రంగు

పూర్తిగా ఆరాక మెల్లగా ఊడదీయండి. అంచులు కత్తిరించి గుడ్డ పట్టీ అతికించండి. భుజాల దగ్గర, పక్కల రంధ్రాలు చేసి నాడాలు కట్టండి. వెండి రంగు వెయ్యండి. గుంటల్లో కాస్త దీపపు మసి రుద్దితే పాత ఇనుములా కనిపిస్తుంది. ఇది కాగితం, పైన రంగు ఉంది. పొయ్యి దగ్గరకు, దీపం దగ్గరకు పోనివ్వకండి. నాటకంలో నిజం కాగడాలు వద్దు.

కొనాల్సింది రంగు, అచ్చు కావాలంటే ఆ పొడి. మిగతాదంతా మన ఊళ్ళో ఉన్నదే. పైగా ఆ కవచం మీ పిల్ల కొలతకు చేసింది. వచ్చే ఏడు ఇంకో పిల్లకు కావాలంటే మళ్ళీ కొలిచి, రాసి, చేసుకోవచ్చు.

రేపు వచ్చేటప్పుడు తలా ఒక దారం తెండి. ఒకరి కొలత ఒకరు తీసి పుస్తకంలో రాద్దాం. మట్టి పని ఆదివారం మొదలుపెడదాం.