కొండ ఎక్కే సంచి మీ వీపుకు సరిపోయిందా?

(రోగుల బంధువుల అవగాహన సదస్సులో ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



మీవాళ్లు లోపల చికిత్స పొందుతుండగా ఈ పది నిమిషాలు నాకు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఈ రోజు వీపున తగిలించుకునే సంచి గురించి చెబుతాను. ఇది కూడా ఆరోగ్య విషయమేనా అని మీకు అనిపించవచ్చు. దయచేసి వినండి.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి వైపు వేలాదిమంది యువతీ యువకులు ఉద్యోగాలకు వచ్చారు. మీ పిల్లలూ వారిలో ఉండవచ్చు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, సెలవురోజున ఖాజాగూడ గుట్టలకో, భువనగిరి కోటకో, అనంతగిరి కొండలకో బయలుదేరతారు. మంచి అలవాటే. భువనగిరి బండల మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. కాబట్టి పిల్లల్ని ఆపకండి. వాళ్ల సంచిని మాత్రం ఒకసారి చూడండి.

చాలామంది ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగునే కొండకూ తీసుకువెళతారు. దానికి సాధారణంగా నడుము పట్టీ ఉండదు. బరువంతా భుజాల మీద పడుతుంది. చేతికి వెళ్లే నరాలు మెడ పక్క నుండి భుజం కిందుగా వెళతాయి. పట్టీలు గంటల తరబడి ఒత్తితే చేయి తిమ్మిరెక్కుతుంది, బలం తగ్గుతుంది. బరువులు మోసే సైనికులలో వైద్యులు దీనిని చూశారు. ఒక్కోసారి నొప్పి ఉండదు, చేయి మాత్రం పైకి లేవదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

మరి సంచి ఎలా ఎంచుకోవాలి?

మొదటిది, కొలత. మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు ముఖ్యం. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకువస్తుంది. అక్కడి నుండి తుంటి ఎముకల పైఅంచు వరకు దర్జీ టేపుతో కొలవండి. ఆ కొలతకు సరిపడే సంచి అడగండి.

రెండవది, నడుము పట్టీ. అది పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. బరువులో ఎక్కువ భాగం తుంటి మోయాలి. భుజం పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి.

మూడవది, పరిమాణం. ఒక్కరోజు ప్రయాణానికి 20 నుండి 30 లీటర్ల సంచి చాలు. పెద్దది కొంటే ఏదో ఒకటి కుక్కుతాము.

నాలుగవది, బరువు. ఒక్కరోజుకైతే శరీర బరువులో పదోవంతు, రాత్రి బసకైతే ఐదోవంతు దాటకుండా చూసుకోండి. 60 కిలోల మనిషికి 6 కిలోలు, 12 కిలోలు అన్నమాట. 3 లీటర్ల నీళ్లే 3 కిలోలు! బరువైనవి వీపుకు ఆనించి, మధ్యలో సర్దండి.

కొనేముందు దుకాణంలోనే కొంత బరువు వేయించి, పది నిమిషాలు నడిచి చూడండి. మొహమాటపడకండి.

చివరగా ఒక్క మాట. వెన్నుకు, పొట్టకు, గుండెకు ఆపరేషన్ అయినవారు, డిస్క్ బాధ ఉన్నవారు తమ డాక్టరు అనుమతి లేకుండా ఏ సంచీ ఎత్తకూడదు. తోడు వెళ్లినవారే వారి నీళ్ల సీసా మోయండి.