చెట్టుకు కొన్ని కాయలు వదలండి



మా హాస్టల్ పిల్లలకు తరచూ చెప్పే ఒక చెట్టు గురించి చెబుతాను. అది మన కొండల్లో లేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో, సట్లెజ్ లోయలో, వానలు తక్కువగా పడే రాతి కొండలపై పెరిగే అడవి పైన్ చెట్టు. పేరు చిల్గోజా. పొలుసుల్లాంటి రెక్కలున్న దాని కాయలో సన్నటి గింజలుంటాయి. వాటి పలుకులు బజారులో బాగా ఖరీదు. అక్కడి కిన్నౌరా గిరిజనులకు అదొక ముఖ్యమైన రాబడి.

కాయ ముదరడానికి రెండో ఏడాది దాకా ఆగాలి. కానీ పలుకుల కోసం దాదాపు అన్ని కాయలూ దించేస్తారు, కొమ్మలూ నరికేస్తారు. గింజ నేలమీద పడకపోతే మొక్క ఎలా మొలుస్తుంది? అందుకే అక్కడ ముసలి చెట్ల కింద లేత మొక్కలు అరుదు.

మన తపసి చెట్టు సంగతీ ఇంతే. బంక ఎక్కువ రావాలని గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే చెట్టే ఎండిపోతుంది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కు మనకు అక్కరకు రావాలంటే ముందు చెట్టు బతకాలి. సెలవులకు ఊరెళ్లి అడవికి పోయినప్పుడు, విత్తనానికని కొన్ని కాయలు చెట్టుకే వదిలి రండి.