కమ్యూనిటీ కాలేజీలో మా మనుమడు



మన గ్రామములలో నేడు రచ్చబండపై కూర్చున్న పదిమందిని పలుకరించినచో, వారిలో ఒకరిద్దరి కుమారులో, మనుమలో, తమ్ముని బిడ్డలో అమెరికాలో ఉన్నారని తెలియును. వారి ఉద్యోగములను గూర్చియు, ఇండ్లను గూర్చియు మనము విందుము. కాని అచట చదువుకొను పిల్లలకు కళాశాలలో ఏ నియమములు కలవో, చిక్కు వచ్చినపుడు ఎవరియొద్దకు పోవలెనో మనకు తెలియదు. నాకును తెలియదు. ముప్పదియైదేండ్లు తెలుగు పండితుడనుగా బడిలో పనిచేసిన నేను, 2023 నవంబరు మొదట కాలిఫోర్నియాలోని మా అమ్మాయి ఇంటికి పోయి, ఏప్రిలు కడపటివరకు అచట ఉంటిని. ఆ దినములలో మా మనుమనికి కలిగిన యొక సంకటమువలన కొన్ని సంగతులు నేర్చుకొనక తప్పలేదు. వానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ముందుగా ఆ కాలేజీ యెట్టిదో చెప్పవలెను. ఆ దేశమున పన్నెండవ తరగతి ముగించిన విద్యార్థి నేరుగా విశ్వవిద్యాలయమునకు పోవచ్చును. అది మిక్కిలి వ్యయముతో కూడిన మార్గము. లేదా, ఇంటికి దగ్గరనున్న రెండేండ్ల కాలేజీలో చేరి, మొదటి భాగమచట ముగించి, పిదప విశ్వవిద్యాలయమున మూడవ సంవత్సరములో ప్రవేశింపవచ్చును. వృత్తివిద్య నేర్చుకొని తిన్నగా పనిలో కుదురుకొనువారును అందే చదువుదురు. 1901లో ఇల్లినాయి రాష్ట్రములోని జోలియెట్ అను ఊరిలో ఆరుగురు విద్యార్థులతో ఇట్టి ప్రభుత్వ కళాశాల మొదటిది వెలసినది. ప్రశ్నలడుగుటకై పిప్పలాద మహర్షియొద్దకు పోయినవారును ఆరుగురే గదా యని నాకు తోచినది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము 1947లో వెలువరించిన నివేదికవలన వీనికి కమ్యూనిటీ కాలేజీలను పేరు ప్రచారములోనికి వచ్చినది. కమ్యూనిటీ యనగా ఆ చుట్టుప్రక్కల నివసించు జనసమూహము. ఒక్క కాలిఫోర్నియాలోనే ఇట్టివి 116 కలవు.

మార్కులు తక్కువయని అచట ఎవరిని త్రిప్పి పంపరు. పగలు దుకాణములో పనిచేసి రాత్రి చదువువారును, పిల్లల తల్లులును, నావంటి నెరసిన తలలవారును ఒకే గదిలో కూర్చుందురు. చదువును యూనిట్లుగా కొలుతురు. అరువది యూనిట్లు ముగిసిన రెండేండ్ల పట్టము లభించును. ఆ రాష్ట్రవాసులకు యూనిటునకు రుసుము 46 డాలర్లు. 2012 నుండియు ఇంతియే. అయినను మనవారిలో కొందరికి ఈ కాలేజీ పేరు చెప్పుకొనుట నామోషీ. "విశ్వవిద్యాలయములో సీటు రాలేదా?" యని బంధువులు మా అమ్మాయిని అడుగుట నేను చెవులార వింటిని. ఈ నామోషీయే మా వాని నోరు మూయించినదని తరువాత తెలిసినది.

నేను పోవునప్పటికి వానికి పందొమ్మిదేండ్లు. ఆగస్టులో కాలేజీలో చేరినాడు. ప్రతి సాయంకాలము నేను "చదువెట్లున్నదిరా?" యని అడుగుదును. "బాగానే ఉంది తాతయ్యా" యనును. నేను తృప్తిపడుదును. ఉపాధ్యాయుడనై యుండియు రెండవ ప్రశ్న యడుగనైతిని. జనవరిలో వాని పేర కాలేజీనుండి హెచ్చరిక వచ్చినది. గణితమున ఎఫ్, అనగా తప్పినట్లు. తక్కినవానితో కలిపి సగటు రెండునకు తక్కువ. పన్నెండు యూనిట్లకు తక్కువ కాకుండ చదివి, సగటు రెండైనను లేనివారికి అచట ఇట్టి హెచ్చరిక వచ్చును. అది సరిదిద్దుకొనని యెడల చదువు మధ్యలో ఆపివేయుదురు.

ఆ రాత్రియే మా అమ్మాయి వివరములడుగుచు కాలేజీకి జాబు వ్రాసినది. విద్యార్థి వ్రాతపూర్వకముగా సమ్మతింపనిదే ఏమియు చెప్పజాలమని మరునాడు జవాబు వచ్చినది. నాకు కోపము వచ్చినది. కన్నతల్లికి చెప్పరా? రుసుము కట్టిన తండ్రికి చెప్పరా? మన బడిలో తండ్రిని పిలిపించి, పిల్లవానిని ఎదుట నిలువబెట్టి, మార్కులు చదివి వినిపింతుమే! కాని 1974లో చేసిన శాసనము ప్రకారము, కాలేజీలో చేరిన దినమునుండి ఆ చదువు లెక్కల హక్కు విద్యార్థిది. వయస్సు పదునెనిమిది నిండకున్నను సరియే. కావున మీలో ఎవరైనను ఇచటినుండి ఫోను చేసి, "మా వాని మార్కులేవి?" యని కాలేజీవారిని గద్దించిన ప్రయోజనము లేదు. పిల్లవానినే అడుగవలెను. వాడు చెప్పునట్లుగా అడుగవలెను.

వాడు చెప్పినదిది. అక్టోబరులో న్యుమోనియా వచ్చి మూడు వారములు పడుకొన్నాడు. తిరిగి పోవునప్పటికి గణితమున నాలుగు అధ్యాయములు జరిగిపోయినవి. ఒక పరీక్షలో మార్కులు రాలేదు. అధ్యాపకుని అడుగుటకు సిగ్గుపడి, ఆ తరగతికి పోవుట మానినాడు. ఆ వేళకు ఇంటనుండి బయలుదేరి గ్రంథాలయములో కూర్చుండెడివాడట. "నేను పోకపోతే వాళ్లే పేరు తీసేస్తారనుకున్నాను" అనెను. వానిననుటకేమున్నది? మన బడులలో దీర్ఘకాలము రాని బాలుని పేరు రిజిస్టరులో కొట్టివేయు ఆచారము నాకును తెలిసినదే.

అచటి ఆచారము వేరు. మొదటి కొలది వారములలో పేరు తీయించుకొన్నచో లెక్కలో ఏ గురుతును మిగులదు. ఆ తరువాత, సెమిస్టరులో నాలుగింట మూడు పాళ్లు గడచువరకు, విరమించినట్లుగా డబ్ల్యూ అను అక్షరము పడును, సగటు చెడదు. ఆ గడువును దాటిన పిమ్మట, తరగతికి పోయినను పోకున్నను, ఏదో యొక గ్రేడు పడవలసినదే. పేరు తీయించుకొను భారము విద్యార్థిదే. ఆ కడపటి తేది నేను ఆ యింట అడుగుపెట్టిన పదిదినములకు గడచినది. ఆ పదిదినములును నేను "చదువెట్లున్నదిరా?" యని అడుగుచునే యుంటిని.

ఈ తేదులన్నియు దాచిన రహస్యములు కావు. సెమిస్టరు మొదటి దినమున ప్రతి అధ్యాపకుడును సిలబస్ అను పత్రము నిచ్చును. మనకు సిలబస్ అనగా పాఠముల పట్టిక మాత్రమే. వారికి అది యొక యొడంబడిక వంటిది. పరీక్షలెప్పుడు, ఆలస్యముగా ఇచ్చిన వ్రాతపనికి ఎన్ని మార్కులు తగ్గును, ఎన్నిమారులు రాకున్న తప్పు, ఇతరుల వ్రాతను తనదిగా చూపిన ఏమగును, యంత్రముచేత వ్యాసము వ్రాయించుకొనవచ్చునా, ఇవి యెల్ల అందుండును. మరియొక విషయముకూడ నుండును. వారములో ఏ దినమున ఏ గంటలలో ఆ అధ్యాపకుడు తన గదిలో విద్యార్థులకొరకై కాచుకొని యుండునో ఆ వేళలు. దానికి ఆఫీసు అవర్స్ అని పేరు. మా వాని గణితాధ్యాపకుడు మంగళ, గురువారములలో గంటసేపు కూర్చుండెడివాడట. ఈతడు ఒక్కనాడును పోలేదు. "కూర్చోవడం వారి అవసరానికేమో అనుకున్నాను తాతయ్యా" అనెను.

మరునాటి వారము నేను వానితో కాలేజీకి పోయితిని. కౌన్సెలరను ఉద్యోగి యొకరు విద్యార్థులకు చదువు త్రోవ చెప్పుటకై యుందురు. మధ్యవయస్కురాలొకామె మమ్ము లోనికి పిలిచి, నాకు నమస్కరించి, నన్ను విడిచి వానివైపు తిరిగి, "మీ తాతగారు ఇచట కూర్చుండుట నీకు సమ్మతమేనా?" యని అడిగినది. నా చెవులు కాలినవి. నా ఉద్యోగకాలమంతటిలో ఏ బాలునైనను నేనట్లడుగలేదు. వాడు నావంక చూచి, "ఉండనివ్వండి" యనెను. ఆమె కోపింపలేదు, జాలిపడలేదు. కాగితముపై ఈ సెమిస్టరున ఏమి చదువవలెనో వ్రాసి చూపినది. రోగము, ప్రమాదము, ఇంట మరణము వంటి తన చేతిలో లేని కారణములచేత చదువు ఆగినవారు, నిదర్శనములతో పిటిషను పెట్టుకొన్నచో, ఆ గ్రేడునకు బదులుగా క్షమింపదగిన విరమణయని వ్రాయుదురట. వైద్యుని చీటి జతపరచి పెట్టితిమి. అది అంగీకరింపబడలేదు. చీటి మూడు వారములకే యున్నది. మిగిలిన రెండు నెలలు వాడెవరితోను మాట్లాడలేదు. అక్టోబరులోనే అడిగియుండిన త్రోవ దొరికెడిదేమో! ఇక మిగిలినది ఆ తరగతినే మరల చదువుట. మరల చదివి నెగ్గినచో పాత గ్రేడు సగటులో చేరదు. కాని దానిని తుడిచివేయరు; పాతదియు క్రొత్తదియు రెండును కనబడునట్లే యుంచుదురు. నాకది న్యాయముగనే తోచినది.

ఆ భవనములోనే తిరిగి చూచితిని. ఒక గదిలో గణితము రానివారికి ఉచితముగా చెప్పుచుందురు. చెప్పువారిలో ఆ కాలేజీ విద్యార్థులే కొందరు. ఒక గదిలో మనస్సు క్రుంగినవారితో మాట్లాడుదురు. ఒక గది అల్మరలలో బియ్యము, పప్పు, పాలడబ్బాలు కలవు. చాలని విద్యార్థి వచ్చి తీసికొనవచ్చును. అన్నము, వసతి మొదలైనవానికి లోపము రాకుండ సాయపడు కేంద్రము ప్రతి కమ్యూనిటీ కాలేజీలోను ఉండవలెనని ఆ రాష్ట్రమున 2021లో శాసనము చేసిరి. ఆ అల్మరలను చూడగనే మా గురువుగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన బాల్యమున వారములు చేసికొని చదివినవారు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము. ఏ యింట మజ్జిగ పలుచనో ముసలితనమునకూడ చెప్పి నవ్వెడివారు. అడిగి తినుట విద్యార్థికి చిన్నతనమని ఆయన యెన్నడును అనుకొనలేదు. ఉపనయనమున వటువుచేత భిక్షాటనము చేయింతురు గదా! మరి నా మనుమనికి ఆ సిగ్గు ఎచటినుండి వచ్చినదో?

మరియొక తలుపువద్ద నేను ఆగిపోయితిని. అది కన్ను, చెవి, చదువుశక్తి మొదలైనవానిలో లోపముగల విద్యార్థులకైన గది. 1973లోను, 1990లోను చేసిన శాసనముల బలముచేత వారికి పరీక్షలో అధిక కాలము, పెద్ద అక్షరముల పుస్తకము, పాఠము వ్రాసిపెట్టు మనిషి మొదలగు సదుపాయములు కల్పింతురు. బడిలోనైనచో లోపమును బడివారే వెదకి కనుగొనవలెను; కాలేజీలో విద్యార్థి తానై వచ్చి చెప్పుకొనవలెను. చెప్పుకొననివాడు అచటకూడ వెనుక బల్లపైననే యుండును.

నా తరగతిలో 1990 ప్రాంతమున ఒక బాలుడుండెను. ఎనిమిదవ తరగతి. నల్లబల్లపై వ్రాసిన పద్యమును ఎన్నడును ఎత్తి వ్రాయడు. ప్రక్కవాని పుస్తకము చూచి వ్రాయును. దొంగయని, సోమరియని నేను వానిని చాలమారులు నిలువబెట్టితిని. ఒకటిరెండు మారులు కొట్టితిని. వాడు నోరు మెదపలేదు. అడుగకుండ కూర్చున్నవాడే బుద్ధిమంతుడని నేర్పినవాడను నేనే. ఏడాది తిరుగక బడి మానినాడు. తరువాత కంటి శిబిరములో వానికి మందమైన అద్దములిచ్చిరని ఎవరో చెప్పిరి.

మన గ్రామములనుండి విద్యార్థి వీసాపై పోవు పిల్లలకు ఇంకను జాగ్రత్త కావలెను. మా మనుమడు అచటనే పుట్టినవాడు గనుక ఒక తరగతి చెడినను దేశము విడువవలసిన భయము లేదు. వీసాపై నున్నవాడు సెమిస్టరునకు పన్నెండు యూనిట్లు చదువుచుండవలెను. ఒక్క తరగతి మానుటచేత ఆ లెక్క తగ్గునట్లైనచో, విదేశీ విద్యార్థుల వ్యవహారము చూచు కాలేజీ అధికారి అనుమతిని మానుటకు ముందే పొందవలెను. రోగమునకును, మొదట భాష చాలక చదువునందు కలిగిన చిక్కునకును అట్టి అనుమతి యిచ్చు వీలు నియమములలోనే కలదు. మానిన తరువాత పోయి ఏడ్చిన ఏమియు చేయజాలరు. ఇల్లు మారిన పదిదినములలో తెలుపవలెను. కాలేజీ ఆవరణలో పని దొరికిన, చదువు జరుగు దినములలో వారమునకు ఇరువది గంటలకు మించరాదు. మీ యింటి పిల్లవాడు పోవుచున్నయెడల, ఆ అధికారి గది యెచటనో మొదటి వారములోనే చూచిరమ్మని చెప్పి పంపుడు. ఊరగాయ జాడీకంటె అది ముఖ్యము.

మా వాడు గణితము మరల చదివినాడు. ప్రతి మంగళవారము అధ్యాపకుని గదికి పోయెడివాడు. మొదటినాడు గుమ్మమువద్ద పావుగంట నిలిచి, లోనికి పోయి, పది నిమిషములకే నవ్వుచు వచ్చెను. నేను ఊరు చేరిన పిమ్మట 2024 మే నెలలో ఫోను చేసి, "బీ గ్రేడు వచ్చింది తాతయ్యా" యని చెప్పెను. ఇప్పుడు నేను చదువెట్లున్నదని అడుగుట మానితిని. "ఈ వారము ఎవరి గదికి పోయితివి?" యని అడుగుదును. గణితము గదికనియో, వ్యాసములు దిద్దు గదికనియో వాడు చెప్పును. ఎచటికిని పోలేదని కూడ ఒక్కొక్కమారు చెప్పును.

క్రిందటి నెలలో వాడే నన్ను, "మీరు ఎవరి గదికి వెళ్లారు తాతయ్యా?" యని ఎదురు ప్రశ్న వేసెను. నేను పోయినది మా మండల కేంద్రములోని యొక సైకిలు దుకాణమునకు. యజమాని మందమైన అద్దములు సవరించుకొని, నన్ను గుర్తుపట్టి, బల్ల తుడిచి కూర్చుండబెట్టి, టీ తెప్పించినాడు. పిల్లల చదువులు, వానలు, సైకిళ్ల ధరలు మాట్లాడుకొంటిమి. నేను అడుగదలచి పోయిన మాట మాత్రము నోటికి రాలేదు. వచ్చే వారము మరల పోవలెనని యున్నది.

సెలవు.