గుమ్మం కాళ్ళు తడవనివ్వకండి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడినది)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. నేను చెక్క గురించి చెప్తాను. నవ్వకండి. వీధి తలుపు, గుమ్మం, వసారా వాసాలు, గొడ్ల చావిడి రాటలు, నిచ్చెన, నులక మంచం, ఇవన్నీ కలిపి ఇవాళ కొత్తగా చేయించాలంటే ఎంతవుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. మెళ్ళో గొలుసు తీస్తే బీరువాలో పెడతాం. ఇవి మాత్రం ఎండకీ వానకీ వదిలేస్తాం.

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు హైవే మీదుగా పారింది. అందరికీ గుర్తే. మా వైపు నీళ్ళు దిగాక ఇళ్ళల్లో మొదటి తిప్పలు తలుపులతోనే వచ్చాయి. ఉబ్బిపోయి ఒక పట్టాన పడవు, పడితే రావు. తలుపు వేసుకోకుండా రాత్రి ఎట్టా పడుకుంటాం అని చాలామంది ఆ వారంలోనే వడ్రంగిని పిలిచి అంచులు చిత్రిక పట్టించేశారు. వాళ్ళ భయం నిజమే. కానీ చెక్క నీళ్ళు తాగితే అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే మళ్ళీ తగ్గుతుంది. ఉబ్బినప్పుడు చెక్కేసింది ఆరాక తిరిగి రాదు కదండీ. సంక్రాంతి నాటికి తలుపుకీ గుమ్మానికీ మధ్య వేలు దూరేంత సందు. పాములు తిరిగే ఊళ్ళు మనవి. మా సంఘంలో ఒక చెల్లెలు దానికోసం కొత్త తలుపులకి అప్పు అడిగింది. పాత తలుపేమో వాళ్ళ మామగారు చేయించిన టేకుది, మంచి చేవ ఉన్న చెక్క. అది ఇప్పుడు గొడ్ల చావిడికి అడ్డంగా పెట్టారు.

తలుపు ఉబ్బితే బందుల నుంచి ఊడదీసి, బురద కడిగి, నీడలో నాలుగు ఇటుకల మీద బల్లపరుపుగా పడుకోబెట్టండి. అటూ ఇటూ తిప్పుతూ కొన్ని వారాలు ఆరనివ్వండి. నేరుగా ఎండలో పెడితే ఒక పక్కే ఆరి వంకర పోతుంది. అందాకా గుమ్మానికి రేకో, టార్పాలినో కట్టుకోవాలి. కష్టమే, కానీ కొత్త తలుపు కొనేకంటే నయం. తడి ఉండగా రంగు కూడా వేయొద్దు. లోపలి చెమ్మ బయటికి రాలేక రంగు బుడగలు లేచి ఊడిపోతుంది.

వరద ఎప్పుడో వస్తుంది. రోజూ చెక్కకి నీళ్ళు పోసేది మనమే. పొద్దున్నే కళ్ళాపి, శుక్రవారం గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టడం. మానమని నేను అనను, మా అత్తగారు నన్ను ఇంట్లో ఉండనివ్వరు. కడిగిన తరువాత పొడిగుడ్డతో గడపా, గుమ్మం రెండు కాళ్ళూ తుడవండి, అంతే. చెక్క నీళ్ళు ఎక్కువగా పీల్చేది కోసిన కొస నుంచి. గుమ్మం కాలి అడుగున ఉండేది ఆ కొసే. పై నుంచి రంగు నిగనిగలాడుతుంటుంది, మేకుతో కింద గుచ్చి చూస్తే మెత్తగా దిగిపోతుంది.

ఇక గొడ్ల చావిడి. మనది నల్లరేగడి. వానకి నీళ్ళు పట్టుకుని వదలదు, వేసవికి నెర్రెలు విడుస్తుంది. పాతిన రాట చుట్టూ నెర్రె పడితే తొలకరి నీళ్ళన్నీ అందులోకే. రాట లోతున కుళ్ళదండీ, సరిగ్గా నేల మట్టం దగ్గర కుళ్ళుతుంది. అక్కడే తడీ, గాలీ రెండూ తగులుతాయి. అందుకే రాటని మట్టిలో పాతకుండా సిమెంటు దిమ్మ మీద ఇనుప బద్దీలతో నిలబెట్టాలి. జగ్గయ్యపేట పక్కన పెట్టుకుని మనకి సిమెంటుకి ఏం లోటు? ఇప్పటికే పాతినవి ఉంటే చుట్టూ మట్టి ఎగదోసి, నీళ్ళు బయటికి పోయేట్టు వాలు చేయండి. రాట మీద మట్టి గీత పైకి పాకితే చెదలు ఎక్కుతున్నట్టే. నెలకోసారి చుట్టూ తిరిగి చూడండి. పాకడం మొదలైతే చెదలకని రాసి ఉన్న మందే కొని, డబ్బా మీద చెప్పిన మోతాదులోనే వాడాలి. పత్తికి కొట్టగా మిగిలిందని ఏదో ఒకటి పోయకండి. బావి, బోరు దగ్గరైతే అసలు వద్దు.

ట్రాక్టరు నుంచి దింపిన నల్లనూనె రాటలకి పూయడం మన దగ్గర అలవాటు. గాడికీ, గొడ్లు నాకే చోటా పూయొద్దు. ఆ నూనెలో ఇంజను అరిగిన లోహాలు ఉంటాయి. గేదె నాకుతుంది, దాని పాలు మనం కేంద్రానికి పోస్తాం, మన పిల్లలకీ ఇస్తాం. తలుపులకి అవిసె నూనె మంచిది. రంగుల కొట్లో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని అడగండి, పచ్చి నూనె ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ఉప్పు కాగితంతో రుద్ది, పలచగా పట్టించి, కాసేపాగి మిగిలింది తుడిచేయండి. తుడిచిన గుడ్డ ముద్ద చేసి మూల పడేయొద్దు. ఆ నూనె గుడ్డ దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. తీసిన పత్తి ఇంట్లోనే పోసుకునే వాళ్ళం మనం. గుడ్డని నీళ్ళలో ముంచి, బయట విడిగా పరిచి ఆరేయండి.

ఇప్పుడు అసలు అడగదలుచుకున్నది. గేదెకి అప్పు అంటే ఇస్తాం, కొత్త ఇంటికి ఇస్తాం. గుమ్మం బాగు చేయించుకోవడానికి రెండు మూడు వేలు అంటే సమావేశంలో నవ్వుతాం. నాకది సరైనది అనిపించడం లేదు. ఏటా ఉగాది దాటాక, తొలకరికి ముందు, ప్రతి గ్రామ సంఘం సొంత నిధి నుంచి చిన్న మరమ్మతు అప్పులు ఇవ్వాలని, నూనె డబ్బాలు కలిపి కొనుక్కుని సభ్యులకి కొన్న ధరకే కొలిచి ఇవ్వాలని మా సంఘం తీర్మానం రాసి తెచ్చింది. పుస్తకం అధ్యక్షురాలు గారి దగ్గర ఉంది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి, కాదనేవాళ్ళు కూడా ఎందుకో ఇక్కడే చెప్పండి.