క్వాంటం గేటుల తప్పొప్పుల కొలత

మానికలో చిటికెడు వెలితి యున్నచో ఒక్క కొలతయందు కానరాదు. తుక్కుగూడ రైతు నూరు మానికలు కొలిచినపుడు బయల్పడును. క్వాంటం గణనయంత్రపు గేటులను పరీక్షించుటయు నిట్టిదే. గేటనగా క్యూబిట్టుపై జరుపు ఒక్కొక్క క్రియ.

యాదృచ్ఛికముగా నెన్నుకొనిన క్రియలను వరుసగా జరిపి, కడపట వాని నన్నిటిని రద్దుపరచు క్రియను జేర్తురు. దోషము లేనిచో క్యూబిట్టు మొదటి స్థితికి మరలి రావలెను. ఇట్లు పలుమారులు జరిపి, వరుస పొడుగైనకొలది మరలివచ్చుట యెంత వేగముగా తగ్గునో చూచి, క్రియకు సగటు దోషమును నిర్ణయింతురు.

వేయింట నొక్క తప్పు స్వల్పముగా తోచును; కాని వేయి క్రియలు ముగియునప్పటికి తప్పు లేక గట్టెక్కు అవకాశము నూటికి సుమారు 37 మాత్రమే.

అమరావతియందు 156 క్యూబిట్ల యంత్రమును నెలకొల్పుటకు 2025లో ప్రకటన వెలువడినది. క్యూబిట్ల సంఖ్య విని మురియుట చాలదు. గేటు తప్పెంతయని యడుగవలెను.